కెంపుకోటలో ధార

రోహిణి కార్తె, సోమవారం

అరవై దాటిన వాళ్ళంతా రోజువారీ నమోదు రాయాలని మా ఎత్తుపేట ఆరోగ్యశాఖ వారి నియమం. మతి నిలకడగా ఉందో లేదో రాతలో తెలిసిపోతుందట. నా మతి సంగతేమో గానీ కోపం మాత్రం చాలా నిలకడగా ఉంది. ఇది చదివే అధికారి ఎవరో నాకు తెలియదు. ఇందులో కోపం తప్ప మరేమీ దొరకకపోతే నన్ను తప్పు పట్టవద్దని ముందే మనవి చేసుకుంటున్నాను.

పొద్దున్నే లేచి, రాత్రి గాలిలోని తేమ పట్టే తేమవల పిండాను. బిందె నిండాల్సింది, చెంబెడు కూడా రాలేదు. రోహిణి ఎండలకు రోళ్ళే పగులుతాయంటారు, ఇక వలదేముంది. కిటికీ అద్దాల మీద పేరుకున్న ఉప్పు తుడిచి, ఎండ ఎక్కకముందే రేకు తలుపులు మూసి, నీళ్ళ వరుసలో నిలబడటానికి కింది అంతస్తుకు దిగాను. అక్కడి నుంచి కటకటాల గుండా చూస్తే ఊరిని మోసే స్తంభాల మధ్య సముద్రం కనిపిస్తుంది. ఆ నీళ్ళ అడుగున ఒకప్పుడు మా వాళ్ళ వరిచేలు ఉండేవి.

వరుసలో వీరరాఘవమ్మ నా చెయ్యి పట్టుకుంది. వలలు అల్లి బతికే మనిషి, మోకాళ్ళ నొప్పులతో వంగిపోయింది.

"అమ్మా, మా మనవడు ధార ఇయ్యనంటన్నాడు. మీరు టీవీలో ఓ మాట సెప్పండి. మీ మాటైతే ఇంటాడు," అంది.

పడుచువాళ్ళ నెత్తురు నుంచి తీసే పసుప్పచ్చ రసాన్ని ఇక్కడ ధార అంటున్నారు. దాన్ని ముసలివాళ్ళ నరాల్లోకి ఎక్కిస్తే మోకాళ్ళు నిటారవుతాయి, జుట్టు నల్లబడుతుంది. సొంత రక్తసంబంధం అయితేనే పనిచేస్తుంది. ఆపేస్తే కొన్నాళ్ళకే అసలు వయసు మీద పడుతుంది. పెళ్ళిలో నీళ్ళు ధార పోసినట్టు ఎంత పవిత్రంగా పేరు పెట్టారో చూడండి. నెత్తురు తీయడం అంటే ఎవరు ఇస్తారు?

నేను సీరియల్లో నెత్తురు తాగే పిశాచి వేషం వేసేదాన్నని, నా మాట వినమని ఏ బిడ్డకూ చెప్పవద్దని ఆమెకు గుర్తు చేశాను. వీరరాఘవమ్మ నవ్వి, అయితేనేం, ఆ కోటకి మీరే కదా ఇంటిపెద్ద అంది.

ఆ సీరియల్ పేరు కెంపుకోట. కొండ మీద కోట, అందులో మూడు వందల ఏళ్ళుగా చావు లేకుండా బతుకుతున్న రక్తపిశాచాల కుటుంబం. పెద్దకొడుక్కి సింహాసనం మీద ఆశ, చిన్నకొడుక్కి మామూలు మనిషిపిల్ల మీద ప్రేమ, అందరి నెత్తి మీదా కూర్చుని పెత్తనం చేసే ముసలి రుధిరదేవి. ఆ రుధిరదేవిని నేనే. ఎర్రచీర, కోరలు, మోకాళ్ళ దాకా జడ. నేను తెర మీదికి వస్తే పిల్లలు దుప్పట్లో తల దాచుకునేవారు. నలభై ఏళ్ళు నాటకాలాడిన దానికి అంతకన్నా గౌరవం ఏం కావాలి?

ఈరోజు స్టూడియోకి వెళ్తే తెల్లచీర ఇచ్చారు. కోరలు తీసేశారు. దర్శకుడు ఫణీంద్ర కొత్త సంభాషణలు చేతిలో పెట్టాడు. 'కాటు' అనే మాట ఉన్న ప్రతిచోటా కొట్టేసి 'ధార' అని రాసి ఉంది. ఇకమీదట నేను ఎవరినీ కరవనట. మనవలే వచ్చి ప్రేమగా మెడ వంచుతారట, నేను కన్నీళ్ళతో స్వీకరించాలట. వెనక వీణ మోగుతుందట.

ఎవరి ఆలోచన ఇది అని అడిగాను. ఫణీంద్ర చూపుడువేలు పైకప్పు వైపు చూపించాడు. దేవుడు అనుకునేరు. పై అంతస్తులో ఉండే ఉదయభాస్కరం గారు. టీవీ ఆయనదే, నీటి కర్మాగారం ఆయనదే, పురసభ అధ్యక్షుడూ ఆయనే.

మృగశిర కార్తె, గురువారం

తొలకరి పడింది. తేమవల తీసేసి తొట్టెలు పెట్టాను. మనసు కుదుటపడాల్సిన రోజే, కానీ పడలేదు.

సీరియల్లో నా మనవరాలు రాకుమారిగా వేసేది తరళ. ఇరవై ఏళ్ళ పిల్ల. మాట మెత్తన, నటన సహజం. తెర మీద అలవాటై బయట కూడా నన్ను అమ్మమ్మా అనే పిలుస్తుంది. ఈరోజు మెడ వంచే సన్నివేశం. తరళ నా ముందు మోకరించి, జడ పక్కకు తీసి, "ఇది నా రక్తం కాదు, మీరిచ్చిందే," అనాలి. సగం అంది. తరవాత నా ఒళ్ళోకి ఒరిగిపోయింది.

బాగా చేస్తోందనుకున్నాను. పెదాలు సున్నంలా తెల్లబడటం చూసి కేక వేశాను. ఫణీంద్ర కెమెరా ఆపలేదు. అద్భుతంగా ఉందమ్మా, ముఖం అలాగే ఉంచండి అంటున్నాడు. నేను నీళ్ళ చెంబు తెచ్చి పిల్ల ముఖాన చల్లాక గానీ ఆపలేదు. ఆ తరవాత కూడా, నీళ్ళు చల్లిన ముక్క తీసేసి మిగతాది వాడుకోవచ్చని పక్కవాడితో అనడం నా చెవినబడింది.

పక్కగదిలో పడుకోబెట్టి రవిక చేతులు పైకి మడిచాను. రెండు మోచేతుల మడతల్లోనూ సూది గాట్లు, ఒకదాని పక్కన ఒకటి, కొన్ని ఇంకా పచ్చిగా ఉన్నాయి. నెలకోసారికి మించి ధార తీయకూడదని గోడగోడకీ రాసిపెట్టారు. ఎవరికిస్తున్నావని అడిగాను.

"తాతకి," అంది.

ఆ తాత ఉదయభాస్కరం గారేనని నాకు అప్పుడు తెలిసింది. ఈ పిల్ల ఆయన మునిమనవరాలు. తుఫానులో దక్షిణపు అంతస్తు కూలినప్పుడు అమ్మా నాన్నా పోతే, తరళనీ దాని తమ్ముడు విహారినీ ఆయనే తెచ్చి పెంచుకున్నాడు. రాత్రుళ్ళు పిడుగు పడితే పక్కన కూర్చుని కథలు చెప్పేవాడట. జ్వరం వస్తే తనే కాపలా ఉండేవాడట. ఆయన వంశంలో ధార పనికొచ్చే వయసువాళ్ళు ఇప్పుడు తనొక్కతే. విహారికి ఇంకా పద్దెనిమిది నిండలేదు.

"ఆయన లేకపోతే మేమిద్దరం లేం, అమ్మమ్మా. ఆయన అడిగాడని ఇస్తున్నాననుకోకు. నేనే ఇస్తున్నాను," అంది.

బలవంతంగా తీస్తుంటే తిట్టడానికి మనిషి ఉంటాడు. ప్రేమగా ఇస్తుంటే ఎవరిని తిట్టాలి? ఇంటికి వచ్చాక నాచు పప్పు వండుకుని, ముద్ద దిగక మూతపెట్టి పడుకున్నాను.

ఆరుద్ర కార్తె, మంగళవారం

తరళని మా వార్డు వైద్యురాలు షహనాజ్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. వద్దంటే చెయ్యి పట్టుకు లాక్కెళ్ళాను. ఆమె పరీక్షలన్నీ చేసి, పిల్లని బయట కూర్చోమని, నాతో ఒక్క మాటలో తేల్చి చెప్పారు. గుండె బలహీనపడింది, ఏడాది పాటు చుక్క కూడా తీయకూడదు. అదే సంగతి ఉదయభాస్కరం గారికీ తెలియజేశారు. ఆయన సొంత వైద్యుడు మాత్రం అమ్మాయి భేషుగ్గా ఉందని తిరుగు జవాబు పంపాడు.

అందుకని ఇవాళ నేనే పైకి వెళ్ళాను.

పై అంతస్తులో కుండీల్లో మామిడిచెట్లున్నాయి. నిజం మామిడిచెట్లు. కింద మేము చెంబెడు నీటికి వరుస కడుతుంటే పైన చెట్లు మొదళ్ళ దాకా తడిసి ఉన్నాయి. ఉదయభాస్కరం గారు ఎదురొచ్చి నమస్కారం పెట్టారు. తొంభై ఆరేళ్ళ మనిషి, చూపులకు నలభై అయిదు. మా ఇద్దరినీ చూసినవాళ్ళు ఆయన్ని నా కొడుకనుకుంటారు. తాటిముంజెలు తెప్పించి, కుర్రప్పుడు నా నాటకాలు ముందు వరుసలో కూర్చుని చూసేవాడినని చెప్పారు. నేను వేసిన మొదటి వేషానికే ఆయనకు షష్టిపూర్తి దగ్గరపడి ఉంటుంది. ఆయన కుర్రతనం లెక్క ఏమిటో నాకు అర్థం కాలేదు.

ముంజెలు ముట్టలేదు. వైద్యురాలు చెప్పింది చెప్పి, తరళని వదిలెయ్యమని అడిగాను.

ఆయనకు కోపం రాలేదు. తరళనే పిలిపించి, నేను నిన్ను ఎప్పుడైనా బలవంతం చేశానా తల్లీ అని నా ఎదుటే అడిగారు. లేదంది. దగ్గర కూర్చోబెట్టుకుని తల నిమిరారు, భుజం నిమిరారు. నిమురుతూ నిమురుతూ ఆయన వేళ్ళు మోచేతి మడత దగ్గర ఆగి, నరం మీద చిన్నగా నొక్కాయి. అంగట్లో వంకాయ లేతదో ముదురుదో నొక్కి చూస్తారే, అచ్చం అలాగే. ఆ పిల్ల గమనించలేదు. ఆయనకు కూడా తెలిసి చేసినట్టు లేదు. నా ఒళ్ళు మాత్రం భగ్గున మండింది.

తరళ వెళ్ళాక అసలు సంగతి బయటపెట్టారు. పునర్వసు కార్తెలో పురసభ ముందుకు కుటుంబ ధర్మ చట్టం వస్తోంది. ధార అడిగే హక్కు పెద్దలది, ఇచ్చే ధర్మం పిల్లలది. పద్దెనిమిది నిండినవాళ్ళు కాదంటే కుటుంబపు గదుల్లో వాటా పోతుంది. ఈ ఊళ్ళో గది లేనివాడికి కింద సముద్రమే దిక్కని అందరికీ తెలుసు. ఓటింగుకు ముందురోజు కెంపుకోట ప్రత్యక్ష ప్రసారం. రాకుమారి మెడ వంచాలి, నేను ఏడుస్తూ స్వీకరించాలి, ఊరంతా ఏడవాలి. మర్నాడు చట్టం గెలవాలి.

"మీరు చేసేది దోపిడీ," అన్నాను.

"కుటుంబం అంటే అదే కదండీ, త్రిపురసుందరి గారూ. ఒకళ్ళ బతుకు ఇంకొకళ్ళు వాడుకోవడం. నేను వాళ్ళకి నా బతుకు పెట్టలేదా?" అన్నారు.

అంత నెమ్మదిగా, అంత మర్యాదగా అన్నారు. కోటలో నేను వేసే పిశాచానికి కనీసం కోరలైనా ఉండేవి.

పునర్వసు కార్తె, శుక్రవారం

ప్రసారం అయిపోయింది. కోపం మీదే రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే క్షమించాలి.

సంభాషణలు నేను ముందే మార్చుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, తరళకి కూడా. దీపాలు వెలిగాయి, వీణ మోగింది, పిల్ల వచ్చి మోకరించింది. మెడ వంచింది. నేను ఆ మెడ మీద చెయ్యి వేసి, తోసేశాను.

"మూడు వందల ఏళ్ళు తాగాను. ఆకలి తీరలేదు. నిన్ను చూస్తే నాకు మనవరాలు కనిపించడం లేదు, భోజనం కనిపిస్తోంది. లేచి పో. మళ్ళీ ఈ గడప తొక్కావంటే చంపేస్తాను," అన్నాను.

ఫణీంద్ర తల పట్టుకున్నాడు గానీ ప్రసారం ఆపే ధైర్యం చెయ్యలేదు. తరళ కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. నేను లేచి కోట తలుపు వేసుకున్నాను. ఇంటికొస్తుంటే మెట్ల మీద జనం నాకు దారి ఇచ్చి నిలబడ్డారు. పని జరిగిందనుకున్నాను.

పునర్వసు కార్తె, శనివారం

పని జరిగింది. నేను అనుకున్న పని కాదు.

పొద్దున్నే తలుపు చప్పుడైంది. వీరరాఘవమ్మ. చేతిలో బెల్లపు అరిసెలు, పక్కన ఆమె మనవడు. ధార ఇవ్వనని పట్టుబట్టిన వాడే.

"మీ దయమ్మా. రాత్రి మీరు వద్దు పొమ్మన్నారు సూడండి, అది సూసి ఈడు ఒకటే ఏడుపు. మనకోసం ఒద్దనే పెద్దోళ్ళకి ఇయ్యకపోతే ఎట్టా అని, తనే నాకిత్తానని ఒప్పుకున్నాడు," అంది.

ఆ కుర్రాడు ఎర్రబడిన కళ్ళతో నా కాళ్ళకు దండం పెట్టాడు. ఆకలి అన్నాను, భోజనం అన్నాను, చంపేస్తాను అన్నాను. వీళ్ళకి అవేవీ వినబడలేదు. ప్రేమ కొద్దీ వద్దంటున్న అమ్మమ్మ ఒక్కటే కనబడింది. తెల్లచీర, వీణ, కన్నీళ్ళు. నేను ఏం మాట్లాడినా ఆ కోటలో అది కోట మాటే అయిపోతుందని నాకు ముందే తట్టి ఉండాల్సింది.

ధార కేంద్రం ముందు పడుచువాళ్ళు బారులు తీరారని ఫణీంద్ర ఉబ్బిపోతూ చెప్పాడు. తను రాయించుకున్న సన్నివేశం కంటే ఇది పదిరెట్లు పనిచేసిందన్నాడు. మధ్యాహ్నానికి చట్టం నెగ్గింది. సాయంత్రం ఉదయభాస్కరం గారి మనిషి ఒక బుట్ట మామిడిపళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. బుట్ట తీసుకెళ్ళి కటకటాల మధ్య నుంచి సముద్రంలో కుమ్మరించాను. కాపలావాడు ఆహారం పారవేశానని నన్ను హెచ్చరించాడు. హెచ్చరిక అధికారులకు చేరేలోపు నేనే ఇక్కడ రాస్తున్నాను. పారేశాను. మళ్ళీ పంపితే మళ్ళీ పారేస్తాను.

పుష్యమి కార్తె, బుధవారం

స్టూడియోలో మెట్లెక్కుతూ తరళ కుప్పకూలింది. ఈసారి కెమెరా లేదు కాబట్టి అందరూ పరిగెత్తారు. డాక్టర్ షహనాజ్ వచ్చి సూది మందు ఇచ్చి, ఇంకొక్కసారి ధార తీస్తే గుండె ఆగిపోతుందని పిల్ల ముఖం మీదే చెప్పేశారు. దాచి లాభం లేదనుకున్నారేమో.

తరళ గోడకేసి తిరిగి పడుకుంది. ఆ తరవాత, తాతకి ఈ మాట తనే చెప్తానని, అప్పుడు నన్ను పక్కన ఉండమని అడిగింది. ఆయన అర్థం చేసుకుంటాడని నమ్మకంగానే ఉంది. ఆ నమ్మకం చూస్తే నాకు భయం వేసింది.

సాయంత్రం పైకి వెళ్ళాం. ధార ఎక్కించుకునే కుర్చీలో ఆయన అప్పటికే సిద్ధంగా ఉన్నారు, నర్సు సూదులు సర్దుతోంది. తరళ ఆయన పాదాల దగ్గర కూర్చుని, ఏడాది ఆగాలి తాతా, ఆ తరవాత మళ్ళీ ఇస్తాను అని చెప్పింది. తప్పు చేసిన పిల్ల చెప్పినట్టు చెప్పింది.

ఉదయభాస్కరం గారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. దొంగ ఏడుపు కాదు. ఏడుపుల సంగతి నాకు తెలుసు, అది నిజమైన ఏడుపే. పిల్ల తల గుండెకు ఆనించుకుని, "నువ్వు బాగుండటం కంటే నాకేం కావాలి తల్లీ. ఇంక నీ ఒంటి మీద సూది పడనివ్వను," అన్నారు. నుదుటి మీద ముద్దు పెట్టుకున్నారు. ఆ క్షణంలో నాకు సిగ్గేసింది. మనిషిని మరీ అంత చెడ్డగా అనుకున్నానేమిటి అనుకున్నాను.

తరవాత ఆయన కళ్ళు తుడుచుకుని, అదే మెత్తటి గొంతుతో నర్సు వైపు తిరిగారు.

"విహారికి పద్దెనిమిది ఎప్పుడు నిండుతాయి?"

వచ్చే నెలలోనండి అంది నర్సు. అంతవరకూ నెట్టుకురావచ్చులే అన్నారాయన.

తరళ తల ఇంకా ఆయన గుండె మీదే ఉంది. తరవాత మెల్లగా లేచి, ఆయన చేతిని తన భుజం మీద నుంచి తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. నేను ఏదో అనబోతే, నా చెయ్యి నొక్కి ఆపింది. లోపలికి వెళ్ళి తమ్ముడిని లేపింది. వాడు చదువుకుంటూ నిద్రపోయి ఉన్నాడు, చెంప మీద పుస్తకం గుర్తు పడి ఉంది. ఎక్కడికక్కా అని అడిగితే, అమ్మమ్మ వాళ్ళింటికి అంది. ఇద్దరూ కట్టుబట్టలతో నా వెంట వచ్చేశారు.

నా గదిలో మంచం ఒకటే. తరళని దాని మీద పడుకోబెట్టాను. విహారి నేల మీద, నేను తలుపుకు ఆనుకుని. పిల్ల రాత్రంతా ఏడ్చింది. ఏడవొద్దని నేను చెప్పలేదు. పెంచిన చెయ్యి అలాంటిదని తెలిస్తే ఏడవక ఏం చేస్తుంది?

ఆశ్లేష కార్తె, ఆదివారం

నన్ను సీరియల్ నుంచి తీసేశారు. రుధిరదేవిని మాత్రం తీయలేదు. నా ముఖం, నా గొంతు యంత్రంలో దాచిపెట్టుకున్నారు కదా, అవే వాడుకుంటున్నారు. నిన్న నీళ్ళ వరుస దగ్గరి తెర మీద నన్ను నేను చూసుకున్నాను. తెల్లచీరలో కూర్చుని ఎవరి మెడకో ముద్దు పెడుతూ కన్నీళ్ళు కారుస్తున్నాను. నేను ఎన్నడూ అలా ఏడవలేదు. అంత చవకబారు ఏడుపు నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఏడవలేదు. పక్కనున్నావిడ, ఎంత బాగా చేశారమ్మా అంటే, అది నేను కాదని ఆమెతో గట్టిగా వాదించాను. ఆమె నా మతి తప్పిందనుకుని జాలిగా చూసింది. ఇది చదివే అధికారికి కూడా అలాగే అనిపించవచ్చు. అనిపించనివ్వండి.

విహారికి పుట్టినరోజు వచ్చింది, పోయింది. మర్నాడే పురసభ నుంచి పిలుపు.

ఆశ్లేష కార్తె, గురువారం

ఇవాళ విచారణ జరిగింది. కళ్ళతో చూసింది చూసినట్టు రాస్తాను.

చట్టం ప్రకారం ధార అడిగే పెద్దలు స్వయంగా సభకు వచ్చి, పిల్లల ముఖం చూస్తూ నోటితో అడగాలి. ఆ నియమం పెట్టించింది ఉదయభాస్కరం గారే. తాత ఎదురుగా నిలబడి అడిగితే ఏ మనవడూ కాదనలేడని ఆయన ధీమా. సభ నిండా జనం. మా తరవాత విచారణకు రావలసిన తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, వాళ్ళ వెంట తలలు దించుకున్న పడుచువాళ్ళు.

ఆయన్ని చక్రాల కుర్చీలో తెచ్చారు. నేను గుర్తుపట్టలేదు. ధార ఆగిన ఈ కొద్ది రోజుల్లో ఆ నలభై అయిదేళ్ళ ముఖం ఎటు పోయిందో, దాని అడుగున దాక్కున్న తొంభై ఆరేళ్ళూ ఒక్కసారిగా బయటకు వచ్చాయి. చర్మం ఎముకలకు వేలాడుతోంది. తలలో నాలుగు తెల్ల వెంట్రుకలు. తరళ గబుక్కున లేవబోయింది, మళ్ళీ కూర్చుంది.

అధికారి పద్ధతి ప్రకారం చదివి, అడగండి అన్నాడు.

ఇక్కడ కోట లేదు, వీణ లేదు. పగటి వెలుతురు, చెక్క బల్లలు, ఉక్కపోత. ఆయన విహారి వైపు చెయ్యి చాచారు.

"నీ ధార ఇయ్యి నాన్నా," అన్నారు.

విహారి లేచి నిలబడ్డాడు. "ఇవ్వను తాతా. అక్కని చూశాను," అన్నాడు.

సభలో గుసగుసలు లేచాయి. ముసలాయన ముఖంలో కోపం లేదు, భయం ఉంది. చావు దగ్గరికొచ్చినవాడి భయం. ఆ కళ్ళు అటూ ఇటూ వెతికి తరళ మీద ఆగాయి.

"పోనీ నువ్వియ్యి తల్లీ. ఒక్కసారి."

"ఇస్తే చచ్చిపోతాను తాతా. డాక్టరు చెప్పిందిగా," అంది తరళ. అరవలేదు, మామూలుగానే చెప్పింది.

ఆయన చూపు తిప్పుకున్నారు. బల్ల అంచు కేసి చూస్తూ, "ఒక్కసారే కదా," అన్నారు.

సభ మొత్తం విన్నది ఆ మాట. నేను తెర మీద ఎంత అరిచినా ఎవరి చెవికీ ఎక్కనిది, ఆ ముసలాయన నోటి నుంచి రెండు మాటల్లో అందరికీ ఎక్కింది. చట్టానికి ఓటేసిన సభ్యురాలు ఒకావిడ, మొన్న ప్రసారం చూసి వెక్కివెక్కి ఏడ్చిందని చెప్పుకున్నావిడ, కుర్చీ వెనక్కి నెట్టి బయటికి వెళ్ళిపోయింది. మా వెనక వరుసలో ఒక నాయనమ్మ తన మనవరాలి చేతి మీది నుంచి చెయ్యి తీసేసింది. మేము అడగమండీ, ఇంటికి పోతాం అని అధికారితో చెప్పింది. ఆమె వెనక మరికొందరు లేచారు. అందరూ లేవలేదు. కొందరు ముసలివాళ్ళు కదలకుండా, కళ్ళు దించుకుని, తమ వంతు కోసం అక్కడే కూర్చున్నారు. వాళ్ళ ముఖాలు నేను గుర్తు పెట్టుకున్నాను.

అధికారి తడబడుతూనే తన పని తాను చేశాడు. పిల్లలిద్దరికీ కుటుంబపు గదుల్లో వాటా రద్దు. అందుకు మీ సమ్మతేనా అని ఉదయభాస్కరం గారిని అడిగాడు. ఆయన తల ఊపారు. మూడేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచి పెంచిన మునిమనవరాలిని సముద్రం మీదికి గెంటడానికి ఒక్క తల ఊపు సరిపోయింది.

నేను లేచి, ఈ పిల్లలు నా గదిలో ఉంటారని చెప్పాను. రక్తసంబంధం లేనివాళ్ళని పెట్టుకునే వీలు లేదన్నాడు. అయితే నన్నూ గెంటమన్నాను. డాక్టర్ షహనాజ్ లేచి, తన గదిలో కూడా చోటుందన్నారు. ఇంకెవరో వెనక నుంచి మా ఇంట్లో ఉంది అన్నారు. ఇంకొకరు. అధికారి కాగితాలు మూసి, ఈ సంగతి సభ మళ్ళీ చర్చిస్తుందని చెప్పి లేచిపోయాడు.

ఆశ్లేష కార్తె, శనివారం

వాన పట్టు వదలడం లేదు. తొట్టెలన్నీ నిండాయి. విహారి పొద్దున్నే లేచి అద్దాల మీద ఉప్పు తుడిచాడు, సగం సగం తుడిచాడు, తిట్టాను.

పై అంతస్తు నుంచి కబురొచ్చింది. ముసలాయనకు బాగోలేదు, తరళని చూడాలంటున్నాడట. వెళ్ళవద్దని నేను ఎన్ని విధాల చెప్పాలో అన్ని విధాల చెప్పాను. నిన్ను చంపడానికి ఒప్పుకున్న మనిషి అన్నాను. గదిలోంచి గెంటించిన మనిషి అన్నాను. ఆ పిల్ల అన్నీ వింది. గంజి కాచి గిన్నెలో పోసుకుంది.

"చూడ్డానికి వెళ్తున్నాను, అమ్మమ్మా. ఇవ్వడానికి కాదు. అవి రెండూ వేరని నాక్కూడా ఇప్పుడే తెలిసింది," అంది.

విహారి తోడు వెళ్తానంటే వద్దంది. నేను లిఫ్టు దాకా వెళ్ళి అక్కడే మెట్ల మీద కూర్చున్నాను. అటూ ఇటూ పోయేవాళ్ళు పలకరిస్తుంటే ఒక్కరికీ సరిగా జవాబివ్వలేదు. ఆలస్యమైన కొద్దీ చెడ్డ ఆలోచనలు వచ్చాయి. పైకి వెళ్ళి ఆ మామిడికుండీలన్నీ పగలగొట్టి రావాలనిపించింది.

ఎట్టకేలకు తరళ దిగింది. గిన్నె ఖాళీగా ఉంది. ముఖం వాచి ఉంది, కానీ కాళ్ళు స్థిరంగా పడుతున్నాయి. ఏమన్నాడని అడిగాను.

"ముందు గుర్తుపట్టలేదు. గంజి పట్టాక గుర్తుపట్టాడు. అన్నం తిన్నావా అని అడిగాడు," అంది.

ఇంకేమీ అడగలేదా అన్నాను. లేదంది.

ఆ ఒక్క ప్రశ్న ఆయన ముందే అడిగి ఉంటే ఈ నమోదు రాయవలసిన పని నాకు ఉండేది కాదు. ఆ పిల్ల ముందు ఆ మాట అనలేదు, ఇక్కడ రాస్తున్నాను. రేపు సభ మళ్ళీ కూర్చుంటోంది. మేము ముగ్గురం వెళ్ళి ముందు వరుసలో కూర్చుంటాం. నా కోపం కొంచెమైనా తగ్గలేదు.

తిన్నావా మరి అని అడిగాను. తినలేదంది. కంచం పెట్టి, వేడివేడిగా అన్నం వడ్డించాను.